పిసినారి మామను చూసి నవ్వాలి, ఆయన మంచోడనీ తెలవాలి: ఎట్ల రాయాలి?

మీరు అడిగింది ఇది: నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు ఊర్లో నడిచే 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్. హీరో మేనమామ పిసినారి, పైగా తాగుబోతు. ఆయనను చూసి జనం నవ్వాలి, మంచితనమూ కనపడాలి. చివర పెట్టిన ఏడుపు సీన్ మాత్రం అతుకుతలేదు.

అది అతకదు. 17 నిమిషాలు ఒక మనిషిని చూపెట్టి, ఆఖరి 3 నిమిషాల్లో ఇంకొకణ్ణి తెచ్చి నిలబెడితే చూసేటోళ్లు ఇద్దర్నీ నమ్మరు. మంచితనాన్ని బయటి నుంచి తేవద్దు. ఏ గుణం చూసి నవ్విన్రో, ఆ గుణమే ఒకకాడ ఇంకొకరి అక్కరకు రావాలి.

ముందుగాల తాగుడు తీసెయ్యండి. తాగినోడు ఏం చేసినా అది మందు చేయించిందే అయితది. పిసినారి చేసే ప్రతి పనికీ ఒక లెక్క ఉంటది, నవ్వు ఆ లెక్కలనే ఉన్నది. ఇంకోటి, తాగుడుతోని ఆగమైన ఇండ్లు మన వాడకట్టుల్లో తక్కువ లేవు. ఆ ఇండ్ల ఆడోళ్లు ఆ సీన్లకు నవ్వరు, నవ్వాలని అడగడం కూడా న్యాయం కాదు.

మామకు 3 సీన్లు చాలు, అన్నీ కలిపి 4 నిమిషాలు. మొదటిది సినిమా మొదలైన 2 నిమిషాల లోపే రావాలి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్లకు కిరాయి లేదు కదా. మామ తన బీడీ కట్ట కోసం కూడా అత్తమ్మను దేవరకొండ తోలాలి, ఆమెకైతే జీరో టికెట్ అని. ఆధార్ కార్డు మరిచిపోయిందేమో అని బస్సు కదిలేదాకా కిటికీ కాడనే నిలబడి అడగాలి. 40 సెకన్లు దాటనియ్యొద్దు. రెండో సీన్‌లో అదే గుణం ఇంట్లో ఎవరినో కొంచెం నొప్పించాలి. పిల్లగాడు ఐస్‌కు అడిగిన 10 రూపాయలు ఇయ్యకపోవడం సరిపోతది. ఈ సీన్ లేకపోతే అది లోపమే కాదు, ముద్దుగా కనపడే అలవాటు అయితది.

మూడోదాని మీదనే మీ టైమంతా పెట్టండి. పక్కూర్లో మగదిక్కు లేని ఒకామె బత్తాయిలు అమ్ముతున్నది. వ్యాపారి సూట్ (పుచ్చు, తరుగు కింద తీసేసే బరువు) పేరు చెప్పి తూకంలో కోత పెడుతున్నడు. రూపాయి పోతే నిద్రపట్టని మామ అక్కడ ఊకోగలడా? కాయ తనది కాదు, పైస తనది కాదు, అయినా కాంటా కాడ కూర్చొని పొద్దుగూకేదాకా కొట్లాడాలి. పుచ్చు కాయలు ఒక్కొక్కటి ఏరి పక్కకు పెట్టి, “ఇవి పోను మిగిలిందానికి కోత ఎందుకు?” అని అడగాలి. ఇక్కడ గుణం మారలేదు, మారింది లాభం ఎవరికన్నదే. అందుకే నవ్వూ గౌరవమూ ఒక్కసారే వస్తయి.

ఇక్కడ రాసేటోళ్లు ఎక్కువగా చెడగొడతరు. ఆమె చేతులు జోడిస్తది, మామ కండ్లు తుడుచుకుంటడు, వెనక ఫ్లూట్ మోగుతది. ఇవేవీ వద్దు. పని అయినంక మామ ఆమె దగ్గర తన బస్సు కిరాయి అడిగి తీసుకోవాలి, చిల్లర లెక్కపెట్టి మరీ. లోపం అట్లనే ఉన్నదని తెలిసినప్పుడే ఆ మేలు నిజమని నమ్మబుద్ధి అయితది.

నటన సంగతి. నవ్వించే పని నటుడిది కాదు. “అహ నా పెళ్ళంట” (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడగట్టి, దాన్ని చూసుకుంట అన్నం తింటడు. ఆ పాత్రకు అది నిజంగానే కోడికూర భోజనం, అందుకే మనకు నవ్వాగదు. మీ మామ కూడా జీరో టికెట్ మాట ఇంటి బడ్జెట్ చెప్పినంత గంభీరంగా చెప్పాలి. పక్కన ఎవరూ నవ్వే రియాక్షన్ షాట్ వద్దు, టింగుమనే మ్యూజిక్ వద్దు.

లోపం వెనక కారణాన్ని డైలాగుల్లో చెప్పించొద్దు. “బలగం” (2023)లో అల్లుడు నారాయణ నల్లిబొక్క (మటన్ కూరల మూలుగ బొక్క) దగ్గర అలిగి ఏండ్లకేండ్లు అత్తగారింటి గడప తొక్కడు. చూస్తే బొక్క కోసం లొల్లి, లోపల ఉన్నది అల్లుడి మర్యాద. ఆ ఒక్క వస్తువుతోనే అంతా తెలుస్తది. మీ మామకు కూడా ఒక వస్తువు ఇయ్యండి: జేబులో మడతపడ్డ చిన్న లెక్కల బుక్కు. మూడు సీన్లల్లో కనపడాలి, దాని గురించి ఎవరూ మాట్లాడొద్దు. ఆఖరుకు దాన్ని తెరిచి రహస్య దానాలు చూపెట్టాలనే ఆశ పుడతది. వద్దు, అది మళ్లీ పాత ఏడుపు సీనే.

భాష మాట కూడా చెప్పాలె. మన తెలంగాణ యాసను సినిమాలల్ల చాన ఏండ్లు కమెడియన్లకూ రౌడీలకూ మాత్రమే ఇచ్చిన్రు. మీ స్క్రిప్ట్‌లో హీరో పుస్తకాల భాష మాట్లాడి, మామ ఒక్కడే యాస మాట్లాడితే నవ్వు పిసినారితనం మీద కాకుండ యాస మీద పడతది. ఇద్దరిదీ ఒకటే ఊరు, ఒకటే యాస రాయండి. డబ్బింగ్‌లో కూడా దేవరకొండ దిక్కు గొంతులే వాడండి.