మడి ఆరబెడితే దిగుబడి తగ్గుతుందా?

ప్రశ్న: దుగ్గిరాల దగ్గర రెండున్నర ఎకరాలు కౌలుకు చేస్తున్నాను. వరి మడిలో నీరు నిలిస్తే భూమిని వేడెక్కించే వాయువు పుడుతుందని, మధ్యమధ్యలో ఆరబెట్టాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. నాట్ల నుంచి కోత ముందు దాకా నీరు నిలపడమే నాకు తెలిసిన సేద్యం. ఆరబెడితే పంట దెబ్బతినదా? కలుపు ముంచేయదా?
– ఒక కౌలు రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మీ అబ్బాయి మాట నిజం. దమ్ము చేసిన మడిలో అడుగు వేస్తే బుడగలు తేలడం మీరు చూసే ఉంటారు. వాటిలో మీథేన్ ఉంటుంది. నీటి కింద బురదకు గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అక్కడి గడ్డిని, వేర్లను కుళ్లబెట్టి ఈ వాయువును పుట్టిస్తాయి. బుడగలుగా వచ్చేది కొంతే. ఎక్కువ భాగం వరి కాడలోని సన్నని గాలి దారుల గుండా పైకి పోతుంది. నూరేళ్ల లెక్కలో మీథేన్ బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. బురదకు గాలి తగిలితే ఆ జీవుల పని ఆగుతుంది.

మా నాన్నగారు మడిలో మన్ను కనిపిస్తే సహించేవారు కాదు. కాలువ నీరు మళ్లీ ఎప్పుడు వస్తుందో అన్న భయం అది. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. కానీ వరి నీటిని తట్టుకునే మొక్కే తప్ప నీటి మొక్క కాదని బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకునే రోజుల్లోనే మా మాస్టారు చెప్పేవారు. దాన్ని నా పొలంలో నమ్మడానికి నాకు ఒక గొట్టం ముక్క కావలసి వచ్చింది.

అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. చెయ్యి దూరేంత వెడల్పు ఉండాలి. కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ రంధ్రాలు చేసి, అంతవరకు మట్టిలోకి దించి, లోపలి మట్టి తోడేయండి. గట్టు మీద నుంచి చూడడానికి వీలైన చోట పెట్టండి. మడి పైన ఆరినట్టు కనిపించినా గొట్టంలో నీరు ఉంటుంది. అది నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్ల నీరు పెట్టండి. అంతవరకు వేర్లకు తేమ అందుతూనే ఉంటుంది, దిగుబడి తగ్గదు. మీథేన్ సుమారు సగం తగ్గుతుంది.

నాటిన రెండు వారాల తరువాత మొదలుపెట్టండి. కలుపు ఎక్కువగా ఉంటే అది అదుపులోకి వచ్చే వరకు మరో రెండు మూడు వారాలు నీరు నిలపండి. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత వరకు మడి ఆరనివ్వవద్దు, అప్పుడు ఎండితే తాలు పడుతుంది. వానలు పట్టుకున్నప్పుడు మన నల్ల బంకమట్టి ఎలాగూ ఆరదు. దానికి దిగులు పడవద్దు.

యూరియా విషయంలో మాత్రం జాగ్రత్త. తడి, పొడి మారుతుండే నేలలో మిగిలిపోయిన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా ఎగిరిపోతుంది. అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 273 రెట్లు చెడ్డది. పైపాటుగా (పైరు ఎదిగేటప్పుడు) వేసే యూరియాను ఆరిన మడిలో చల్లి వెంటనే నీరు పెట్టండి. మోతాదు మించవద్దు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి మీద మినుములు చల్లే మన పాత అలవాటును వదలకండి. రెండో కారు వరికి బదులు మినుము వేస్తే ఆ కాలమంతా మడిలో నీరు నిలపనక్కర లేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. మన డెల్టాలో చాలా మడులకు సొంత బోదె (పిల్ల కాలువ) లేదు, పై మడి గట్టుకు పెట్టిన గండి నుంచే నీరు వస్తుంది. పై రైతు నీరు నిలిపితే అది మీ మడిలోకి ఊరుతూనే ఉంటుంది. మీరు ఆరబెట్టుకున్నాక ఆయన గండి తెరవకపోతే మీ పంట ఎండుతుంది. కాబట్టి నాట్లకు ముందే ఆయనతో మాట్లాడండి. కాలువ వంతు ఏ రోజున వస్తుందో ఇద్దరూ తెలుసుకుని, ఆ తేదీని బట్టి ఆరబెట్టండి. వంతు ఖాయం కానప్పుడు ఉన్న నీటిని తీయవద్దు. మొదటి ఏడాది అర ఎకరంలో చేసి చూడండి, ఆయన మడిలోనూ ఒక గొట్టం మీరే దించి ఇవ్వండి.