మొత్తం చెబితే చాలదు, లెక్క చూపాలి

ప్రశ్న: మామూలు ఉష్ణోగ్రతలోనే, అదనపు ఒత్తిడేదీ లేకుండా అతివాహకంగా (అంటే కరెంటును ఏమాత్రం నిరోధం లేకుండా పంపేదిగా) పనిచేసే పదార్థాన్ని కనిపెట్టామని 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ప్రకటించారు. అయస్కాంతం మీద నల్లటి ముక్క లేచి నిలబడిన వీడియో చూపించి, ఇక ప్రపంచం మారిపోతుందన్నాడు మా అబ్బాయి. కొద్ది వారాలకే అది నిజం కాదని తేలింది. మాలాంటి వారికి ఎలాగూ అర్థంకాని ఇలాంటి సంగతులను శాస్త్రవేత్తలు తమలో తాము తేల్చుకుంటే సరిపోదా? మాకు వివరించి, ఆధారం చూపే బాధ్యత కూడా వారికి ఉందంటారా?
– ఒక విశ్రాంత తెలుగు పండితుడు, తెనాలి

జవాబు: ఉంది మాస్టారూ. అయితే అది ఎప్పుడు మొదలవుతుందో చూడాలి. తనకు తోచిన ఆలోచనను తోటివారితో చర్చించుకున్నంత కాలం శాస్త్రవేత్త మనకు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. తోటివారు పరీక్షించకముందే విలేకరులను పిలిచి ‘సాధించాం’ అన్నాడంటే మాత్రం మన నమ్మకాన్నీ, చాలాసార్లు మన పన్నుల సొమ్మునూ అడుగుతున్నట్టే. మొత్తం ఎంతో చెప్పి, ఖాతా పుస్తకం మీకు అర్థం కాదంటూ దాచిపెట్టే గుమస్తాను ఏ షావుకారూ పనిలో ఉంచుకోడు కదా.

1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం అలాంటి సమావేశమే పెట్టింది. అక్కడి రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ పాన్స్, ఇంగ్లండుకు చెందిన మార్టిన్ ఫ్లీష్‌మన్ కలిసి గాజు పాత్రలోనే కేంద్రక సంలీనం (పరమాణు కేంద్రకాలు కలిసి ఒకటి కావడం) సాధించారని, అంటే సూర్యుడి గర్భంలో కోటిన్నర డిగ్రీల వేడిలో జరిగే తరహా చర్యను ప్రయోగశాల బల్ల మీద జరిపించారని, ప్రకటించింది. పరికరం చూస్తే కాలేజీ ల్యాబులో కనిపించే విద్యుద్విశ్లేషణ ఏర్పాటు లాంటిదే: పాత్ర నిండా భారజలం (మన మణుగూరు కర్మాగారంలో తయారయ్యేది ఇదే), అందులో పలాడియం కడ్డీ, దాని చుట్టూ ప్లాటినం తీగ, కరెంటు. లోపలికి పంపిన విద్యుత్తు కంటే బయటికి వస్తున్న వేడి ఎక్కువగా ఉందనీ, ఏ రసాయన చర్యా అంత వేడి ఇవ్వలేదు గనుక అది సంలీనమే అయి ఉండాలనీ వారి వాదన. ఫ్లీష్‌మన్ లండన్ రాయల్ సొసైటీ సభ్యుడు, విద్యుద్రసాయన శాస్త్రంలో పెద్ద పేరున్నవాడు. ఆ పేరు చూసే చాలామంది నమ్మారు. యూటా శాసనసభ కొద్ది వారాల్లోనే 50 లక్షల డాలర్లు కేటాయించింది.

ఆ సమయంలో అడగవలసిన ప్రశ్నలు రెండు ఉన్నాయి. వాటిని అర్థం చేసుకోవడానికి డిగ్రీ కూడా అక్కరలేదు. భారజలంలోని డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ కేంద్రకాలు సంలీనమైతే మామూలుగా న్యూట్రాన్లు వెలువడతాయి. ఒక్క వాట్ వేడి పుట్టాలన్నా సెకనుకు సుమారు లక్ష కోట్ల న్యూట్రాన్లు రావాలి. వారు చెప్పినంత వేడి నిజంగా ఆ చర్య వల్లే పుట్టి ఉంటే పాత్ర పక్కన నిలబడ్డవారు ప్రాణాలతో ఉండేవారు కారు. మరి ఆ న్యూట్రాన్లు ఏవి? ఇది మొదటి ప్రశ్న. ఇదే ప్రయోగాన్ని భారజలం బదులు మామూలు నీటితో చేసి చూశారా అన్నది రెండవది. మామూలు నీటితోనూ అంతే వేడి వస్తే ఆ వాదన అక్కడికక్కడే కూలిపోతుంది. తొలి వ్యాసంలో అలాంటి పోలిక ప్రయోగం లేదు, అడిగినవారికి తృప్తికరమైన సమాధానమూ రాలేదు. మే మొదటి తేదీన బాల్టిమోర్‌లో జరిగిన భౌతిక శాస్త్రవేత్తల సభలో కాల్‌టెక్ (కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ) బృందం తమకు ఆ వేడీ న్యూట్రాన్లూ కనిపించలేదని వివరంగా చెప్పింది. మన భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)లో కొందరు న్యూట్రాన్లనూ, ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌నూ గమనించామని నివేదించిన మాట నిజమే గానీ, ఎవరు చేసినా అదే ఫలితం వచ్చే స్థితికి ఆ ప్రయోగం చేరలేదు.

కాబట్టి మనకు వివరించడమంటే క్వాంటం సిద్ధాంతం నేర్పడం అని నేననుకోవడం లేదు. దేన్ని కొలిచారు, దేనితో కొలిచారు, ఆ కొలతకు మామూలు కారణం మరొకటి లేదని ఎలా నిర్ధారించుకున్నారు, ఏది కనిపిస్తే తమ మాట తప్పని ఒప్పుకుంటారు అన్నవి చెబితే చాలు. వీటిని వాడుక మాటల్లో చెప్పలేకపోతే లోపం వినేవాడిలో ఉందనడం అన్యాయం.

ఈ పని సక్రమంగా చేసినవారూ ఉన్నారు, విచిత్రంగా వారి ఫలితం కూడా తప్పే. 2011 సెప్టెంబరులో ఒపెరా అనే ప్రయోగ బృందం, జెనీవా దగ్గరి సెర్న్ భౌతిక పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాల దాకా 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు) ముందే చేరినట్టు కనిపిస్తోందని ప్రకటించింది. అదే జరిగితే, కాంతిని మించిన వేగం లేదనే ఐన్‌స్టైన్ సిద్ధాంతానికే ఎసరు. దూరాన్నీ కాలాన్నీ ఎలా కొలిచారో విప్పి చెప్పి, నెలల తరబడి వెతికినా పొరపాటు దొరకలేదు, మీరూ పరీక్షించండి అని ప్రపంచాన్ని కోరింది. మరుసటి ఫిబ్రవరిలో సరిగా బిగించని ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వల్ల కాలం కొలత తప్పిందని బయటపడింది. కొద్ది కాలానికి బృందం ప్రతినిధి పదవి వదులుకున్నాడు. ఆ ప్రకటన తొందరపాటన్నవారు బృందంలోనే ఉన్నారు. నా మటుకు నేను వారిని తప్పుపట్టను.

ఇక మీ అబ్బాయి చూపిన వీడియో. ఆ ముక్క పూర్తిగా గాలిలోకి లేవలేదు, దాని ఒక అంచు అయస్కాంతాన్ని తాకే ఉంది. మామూలు అయస్కాంత ధర్మమున్న ముక్క కూడా అలా నిలబడగలదు. విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోయిందన్నారే, అది నమూనాలో కలిసి ఉన్న కాపర్ సల్ఫైడ్ సుమారు 104 డిగ్రీల దగ్గర రూపం మార్చుకోవడం వల్లనని తేలింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కూడా ఆ పదార్థాన్ని తయారుచేసి చూసి, అతివాహకత కనిపించలేదని ఆ ఆగస్టులోనే చెప్పింది.

ప్రశ్న: అలాగైతే పేరున్న శాస్త్ర పత్రికలో అచ్చయ్యేదాకా ఆగి, ఆ తరువాత నమ్మవచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఆగడం మంచిదేనమ్మా, కానీ అచ్చు పడినంత మాత్రాన రుజువైనట్టు కాదు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ బృందం గది ఉష్ణోగ్రత అతివాహకం గురించి రాసిన రెండు వ్యాసాలను ‘నేచర్’ పత్రిక 2020లోనూ 2023లోనూ ప్రచురించి, మొదటిదాన్ని 2022లో, రెండవదాన్ని అచ్చయిన ఏడాదిలోనే ఉపసంహరించుకుంది. రెండవదాన్ని తీసివేయమని కోరింది ఆ వ్యాసం రాసినవారిలోనే ఎనిమిది మంది. ఇలాంటి వార్త మళ్లీ వచ్చినప్పుడు పత్రిక పేరుతో పాటు, ఆ బృందంతో సంబంధం లేని ప్రయోగశాల ఏదైనా అదే ఫలితం సాధించిందా, మొదటి కొలతల పట్టికలను అడిగినవారికి ఇచ్చారా అన్నవి కూడా చూడండి.