సాఫ్ట్‌వేర్ కొన్నారు సరే, 14 బ్రాంచీల్లో ఒకేరోజా?

ప్రశ్న: మాది 14 బ్రాంచీలున్న ఫైనాన్స్ కంపెనీ, నేను ఐటీ చూస్తాను. కస్టమర్ల డేటా ఎక్కడుంది, ఎవరు చూస్తున్నారు అన్నది అదుపులో పెట్టడానికి మావాళ్లు మైక్రోసాఫ్ట్ పర్‌వ్యూ తీసుకున్నారు. ఏప్రిల్ 1 నుంచి అన్నిచోట్లా ఒకేసారి పెట్టేయమంటున్నారు. విడతలుగా చేద్దామంటే వినట్లేదు, ఒకటే టెన్షన్. ఎలా ఒప్పించాలి, ఎక్కడ మొదలెట్టాలి?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ మాటే కరెక్ట్, వెనక్కి తగ్గకండి. మీవాళ్లకి ముందు చట్టాన్నే చూపించండి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, వాటిలో కూడా ఫిర్యాదులు చూసే డేటా రక్షణ బోర్డు ఏర్పాటు వెంటనే, మీలాంటి కంపెనీల మీద పడే అసలు బాధ్యతలు 18 నెలల తర్వాత అని విడతలే పెట్టారు. అలాగని తీరిగ్గా కూర్చోవద్దు, భద్రత ఏర్పాట్లు సరిగా లేకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. పైగా ఏప్రిల్ 1 అంటే మార్చి లెక్కలతో అందరూ తలమునకలుగా ఉండే సమయం, కొత్త సాఫ్ట్‌వేర్ ఎవరు నేర్చుకుంటారండీ?

ఇక ఎక్కడ మొదలెట్టాలన్నది. బ్రాంచీల వారీగా విడతలు వేయకండి. 14 బ్రాంచీలూ ఎంట్రీ చేసేది ఒకే లోన్ సర్వర్లోకి అయితే బ్రాంచీల లెక్కకి అర్థమే లేదు. డేటా వారీగా విడగొట్టండి. ముందు లోన్ల డేటా ఒక్కటే, అందులోనూ ఓ పదిహేను కాలమ్స్ చాలు. 'జిల్లా' కాలమ్ తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలొచ్చాక మీ ఊరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, పాత కస్టమర్లకి మాత్రం కృష్ణా అనే ఉండుంటుంది. ఏది ఉంచాలి, ఎవరు మార్చాలి? ఇది తేల్చాల్సింది మీరు కాదు, లోన్ల మేనేజర్. ప్రతి కాలమ్‌కీ అలా ఒక మనిషి పేరు ఉండాలి, ఆ మనిషి ఐటీవాళ్లు కాకూడదు.

ఫైళ్లు బయటికి పోకుండా ఆపే రూల్స్ ఆఖరి విడతలో పెట్టండి. పర్‌వ్యూలో సిమ్యులేషన్ మోడ్ ఉంది, ఏదీ ఆపకుండా, ఆపాల్సొస్తే ఏవి ఆగేవో చూపిస్తుంది. కనీసం నెల్లాళ్లు అలాగే నడపండి. ఎందుకంటే ఆధార్ 12 అంకెలు, చివరిది చెక్ డిజిట్, అంటే నంబరు సరైనదో కాదో చూడ్డానికి మిగతా అంకెల నుంచి లెక్కగట్టి పెట్టేది. మీ లోన్ అకౌంట్ నంబర్లు కూడా 12 అంకెలవే అయితే, చెక్ డిజిట్ సరిచూసినా కూడా సుమారు పదింటిలో ఒకటి ఊరికే సరిపోతుంది, దాన్ని ఆధార్ అనుకుని పర్‌వ్యూ మామూలు కలెక్షన్ లిస్టుని కూడా ఆపేస్తుంది. నేను దగ్గర్నుంచి చూసిన ఒక ఆఫీసులో మొదటిరోజే బ్లాకింగ్ ఆన్ చేశారు. నెలాఖరు రిపోర్టులు మెయిల్లో కదల్లేదు, పాపం స్టాఫ్ ఏం చేస్తారు, స్క్రీన్‌ని ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం మొదలెట్టారు. ఏ డేటాని కాపాడాలని అంత ఖర్చు పెట్టారో అది అందరి ఫోన్లలోకీ చేరింది. ఆ అలవాటు మాన్పించడానికి నెలలు పట్టింది.

రెండో విడతకి తేదీ చూసి వెళ్లొద్దు. తప్పుడు అలర్ట్‌లు రోజుకి ఎన్నొస్తే ఫర్వాలేదో ముందే రాసుకోండి, అక్కడిదాకా తగ్గాకే కలెక్షన్స్, ఆ తర్వాత హెచ్ఆర్.

ఈ వారం మాత్రం ఒక్క పని చేయండి. ఆ పదిహేను కాలమ్స్ కాగితం మీద రాసి, పక్కన బాధ్యుల పేర్లు వేసి, లోన్ల మేనేజర్‌తో సంతకం పెట్టించండి. అది చేతికొచ్చేదాకా పర్‌వ్యూతో డేటా స్కాన్ మొదలెట్టకండి.