ఆ పాత చైన్ ట్రాక్టర్‌కు ఆయిల్ మార్చే ముందు

మాచర్ల

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దవి చేసుకుని చూశాను. బాదం తోటతో పాటు షెడ్డులో ఉన్న డీ2 చైన్ ట్రాక్టర్ కూడా నీదయిందని తెలిశాక నా మనసు తోట మీద లేదురా, ఆ బండి మీదే ఉంది. దాని సీరియల్ నంబరు 5యూ అని మొదలైంది కాబట్టి అది 1947కీ 1957కీ మధ్య తయారైన క్యాటర్‌పిల్లర్. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, దాన్ని తిప్పి లేపడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోల్ ఇంజన్. ఆ చిన్నదాన్ని పోనీ ఇంజన్ అంటాం. కాలిఫోర్నియాలో నువ్వుండే ట్రేసీకి దగ్గర్లోనే స్టాక్‌టన్ ఉంది, చైన్ బండికి పుట్టిల్లు లాంటి ఊరు. అక్కడి మెత్తటి నేలల్లో చక్రాల యంత్రాలు కూరుకుపోతుంటే బెంజమిన్ హోల్ట్ చక్రాలు తీసేసి చైన్ కట్టి, 1904 నవంబర్‌లో నడిపి చూశాడు. అది పాకే తీరుకే క్యాటర్‌పిల్లర్, అంటే గొంగళిపురుగు, అన్న పేరొచ్చింది. 1925లో ఆయన కంపెనీ, బెస్ట్ వాళ్ళ కంపెనీ కలిసి ఆ పేరుతోనే ఒకటయ్యాయి. అంటే నీ బండి తన సొంత జిల్లాలోనే ఉంది. దాన్ని అమ్మేయకు.

"శనివారం ఆయిల్ మార్చేసి స్టార్ట్ చేస్తా మామయ్యా, గంట పని" అన్నావు. ఆ మాట విని ఫోన్‌లో ఏమీ అనలేదు గానీ, అప్పటినుంచీ ఒకటే టెన్షన్. అందుకే కూర్చుని రాస్తున్నాను. రెండు రోజులు పెట్టుకో. ఏళ్ళ తరబడి నిలబడిపోయిన ఇంజన్‌లో ఉన్న పాత ఆయిల్, ఆ ఇంజన్ లోపల ఏం జరిగిందో మనకు చెప్పే ఒకే ఒక్క సాక్షి. దాన్ని చూడకుండా పారబోయకూడదు.

ఎవరిని అడిగినా ఇంజన్ వేడి చేసి ఆయిల్ దింపమంటారు. రోజూ నడిచే బండికి అది నిజమే. వేడి మీద ఆయిల్ పలచబడి మడ్డిని కూడా లాక్కొస్తుంది. కానీ నీ బండి ఎప్పుడు చివరిసారి తిరిగిందో ఎవరికీ తెలియదు. దాన్ని ముందు స్టార్ట్ చెయ్యకు. చల్లగా, కదలకుండా ఉన్నప్పుడే ఆయిల్ దింపే డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చెయ్యి. పూర్తిగా తియ్యొద్దు. కింద ఒక గాజు సీసా పట్టుకుని మొదట కారేదాన్ని దాన్లోకి తీసుకో. నీళ్ళు ఆయిల్ కంటే బరువు కాబట్టి సంప్, అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, అడుగున చేరి ఉంటాయి, ముందుగా అవే వస్తాయి. స్టార్ట్ చేశావో, ఆ నీళ్ళూ ఆయిలూ చిలికిన మజ్జిగలా కలిసిపోతాయి. ఎన్ని నీళ్ళున్నాయో, ఎలాంటి నీళ్ళో ఇక తెలియదు.

చెంచాడో రెండు చెంచాలో మామూలు నీళ్ళు వస్తే కంగారు పడకు. మీ దగ్గర చలికాలంలో రోజుల తరబడి పట్టే ఆ దట్టమైన పొగమంచుకు ఇనుము లోపలివైపు చెమ్మ పడుతుంది, అది కిందికి దిగుతుంది. గ్లాసుడు వస్తే ఆగిపో. పొగగొట్టం మీద మూత లేక వాన లోపలికి దిగిందా అని చూడు. అదీ కాకపోతే హెడ్ గాస్కెట్టో, లైనర్ల (సిలిండర్ లోపలి గొట్టాల) కింద రబ్బరు సీళ్ళో పోయి రేడియేటర్ నీళ్ళు సంప్‌లోకి వస్తున్నట్టు. నీళ్ళకు రంగు ఉంటే యాంటీఫ్రీజ్ కలిసిందని అర్థం, అది బేరింగుల మీది మెత్తటి లోహాన్ని తినేస్తుంది. అప్పుడు కొత్త ఆయిల్ కొనడం కాదు, సంప్ విప్పాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనే ఆ తప్పు చేశాను. నాగార్జునసాగర్ కుడి కాలువ పనుల మీద ఉన్న రోజులు, నాకు పాతికేళ్ళు కూడా లేవు. వానాకాలం అంతా నిలబడ్డ ఒక డోజర్‌కు ఆయిల్ మార్చమన్నారు. ప్లగ్ తియ్యగానే నీళ్ళు ధారగా వచ్చాయి. వాన నీళ్ళే అయుంటాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. రేడియేటర్ మూత తీసి ఒక్కసారి లోపలికి చూస్తే తెలిసిపోయేది, చూడలేదు. కొత్త ఆయిల్ పోసి పనికి పంపించాను. మూడో రోజు మధ్యాహ్నం ఇంజన్ లోపలినుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు. విప్పి చూస్తే లైనర్ సీలు పోయింది, బేరింగులు పోయాయి, క్రాంక్ గీతలు పడింది. సామాను వచ్చేదాకా నెలన్నర ఆ బండి గట్టు మీద అలాగే ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా తల తిప్పుకుని పోయేవాణ్ణి.

ఇక అడుగుకు దూరే సంగతి. బండిని చదునైన గట్టి నేల మీద నిలుపు, ముందు బ్లేడు ఉంటే నేలకు దించెయ్యి. జాకీ మీద మాత్రమే నిలబడ్డ ఇనుము కిందకు ఎప్పుడూ దూరకు. ఇంజన్ కింద మందపాటి ఇనుప ప్లేటు ఉంటుంది, దానికీ సంప్‌కూ మధ్య డెబ్బై ఏళ్ళ మట్టీ, బాదం ఆకులూ, కారిన ఆయిలూ గట్టిపడి ఉంటాయి. ముందు అదంతా గోకి తీసెయ్యి. తియ్యకపోతే ప్లగ్ విప్పినప్పుడు ఆ చెత్తంతా దారాల మీద పడుతుంది. అంతకంటే ముఖ్యం, ఆయిల్ తాగిన ఎండాకులు ఇంజన్ వేడికి అంటుకుంటాయి. ప్లగ్‌కు ఆరు పలకల సాకెట్టే వాడు. స్క్రూ పానాతో పట్టి తలను గుండ్రం చేశావంటే శనివారం అక్కడితో సరి. రాగి వాషర్ కొత్తది దొరక్కపోతే పాతదాన్నే నిప్పు మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచు, మళ్ళీ మెత్తబడుతుంది.

దిగిన ఆయిల్‌ను తెల్లటి పళ్ళెంలోకి కొంచెం తీసి ఎండలో చూడు. వేళ్ళ మధ్య నలిపి చూడు. వాసన చూడు. డీజిల్ కంపు కొడుతూ, పలచగా ఉండి, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద లెవెల్ ఉండాల్సినదాని కంటే పైకి వచ్చి ఉంటే, డీజిల్ అందించే పంపు సీలు కారి లోపలికి దిగుతోందని అర్థం. ఈ పాత బండ్లకు అది మామూలు జబ్బు. "మా ఇంజన్ ఆయిల్ తాగదు, పైగా పెరుగుతుంది" అని మురిసిపోయే డ్రైవర్లను చూశాను నేను. పెరగడమే ప్రమాదం, డీజిల్ కలిసిన ఆయిల్ బేరింగును కాపాడలేదు. తర్వాత ఒక అయస్కాంతాన్ని ఆయిల్‌లో తిప్పు. నల్లటి మెత్తటి పేస్టు అంటుకుంటే వయసు వల్ల వచ్చే అరుగుదల. అయస్కాంతానికి అంటకుండా తళతళలాడే రేకులు అడుగున కనిపిస్తే అవి బేరింగువి, నాకు వెంటనే ఫోన్ చెయ్యి. పాత ఫిల్టర్ ఎలిమెంటును కూడా కోసి మడతలు విప్పి చూడు, సంప్‌లో కనిపించనివి అక్కడ దొరుకుతాయి. కొన్ని బండ్లకు ఒకటి కంటే ఎక్కువ ఎలిమెంట్లుంటాయి, అన్నీ మార్చు. మూత గాస్కెట్ కొత్తది వెయ్యి.

ఏ ఆయిల్ పొయ్యాలన్నది నువ్వడిగిన అసలు ప్రశ్న. పాత ఇంజన్‌కు డిటర్జెంట్, అంటే మసిని కడిగే మందు, ఉన్న ఆయిల్ పోస్తే పాడవుతుందని ఎవరో చెప్పారన్నావు. కొన్ని పాత పెట్రోల్ ఇంజన్ల విషయంలో ఆ మాటకు ఆధారం ఉండొచ్చు గానీ, నీ డీజిల్ విషయంలో అది తలకిందులు. క్యాటర్‌పిల్లర్ వాళ్ళు 1931లో డీజిల్ ట్రాక్టర్లు అమ్మడం మొదలుపెట్టాక పిస్టన్ రింగులు మసితో బిగుసుకుపోయే సమస్య వచ్చింది. దానికి మందుగానే అక్కడి స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్ళు మసిని అంటుకోనివ్వని ఆయిల్ తయారుచేశారు. 1935లో వచ్చిన దాని పేరు డెలో, ఇప్పటికీ మీ షాపుల్లో అదే పేరుతో దొరుకుతుంది. అంటే డీజిల్‌కు డిటర్జెంట్ ఆయిల్ వచ్చిందే ఈ బండ్ల కోసం. కాబట్టి డీజిల్ ఇంజన్లకు తయారుచేసిన ఎస్ఏఈ 30 గానీ, 15డబ్ల్యూ-40 గానీ (ఇవి ఆయిల్ చిక్కదనం చెప్పే అంకెలు) నిశ్చింతగా వాడు. మీ వేసవి ఎండలకు నేనైతే 30కే ఓటేస్తాను. అది మేం వాడిన ఆయిల్ అన్న మమకారం తప్ప పెద్ద తేడా ఏం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. సంప్‌లో మడ్డి గట్టిగా, వేలు లోతున పేరుకుపోయి ఉంటే, కొత్త ఆయిల్ దాన్ని ముక్కలుగా విడదీసి పంపు నోటి జల్లెడకు అడ్డం పెట్టగలదు. ప్లగ్ కంతలోంచి వేలు పెట్టి చూడు. గట్టిగా తగిలితే సంప్ దించి కడిగెయ్యి. బద్ధకించకు.

ఇప్పుడు పోనీ ఇంజన్. అందరూ మర్చిపోయేది దీన్నే. దాని సంప్ వేరు, దాని ఆయిల్ వేరు, దాని ప్లగ్ వేరు. పెట్రోల్ ట్యాంకు పైన, కార్బురేటర్ కింద ఉంటుంది కాబట్టి ఎవరైనా కాక్ మూయకుండా వదిలేస్తే చుక్క చుక్కగా పెట్రోల్ దాని ఆయిల్‌లోకి దిగిపోతుంది. దాని డిప్‌స్టిక్ తీసి వాసన చూడు, దాదాపు తప్పకుండా పెట్రోల్ కొడుతుంది. అలాంటి ఆయిల్‌తో తిప్పితే ఆ చిన్న ఇంజన్ నిమిషాల్లో అరిగిపోతుంది, ఆవిరికి నిప్పంటుకునే భయం కూడా ఉంది. ఆ ఆయిల్ దింపేటప్పుడు దగ్గర్లో దీపం, సిగరెట్టు, గ్రైండర్ ఏదీ ఉండకూడదు. ఇక మీదట పోనీని ఆపాల్సినప్పుడు స్విచ్‌తో ఆపకు. పెట్రోల్ కాక్ మూసెయ్యి, కార్బురేటర్‌లో ఉన్నది తాగి అదే ఆగిపోతుంది. పెద్ద ఇంజన్‌కూ దీనికీ రేడియేటర్ నీళ్ళు ఒకటే, కాబట్టి నీళ్ళు నింపకుండా పోనీని కూడా తిప్పకు. తాడుతో లాగి స్టార్ట్ చేసే రకమైతే తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోకు. షెడ్డు తలుపులు రెండూ బార్లా తీసి పెట్టు, పెట్రోల్ పొగ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది.

ఆయిల్ పోశాక వెంటనే డీజిల్ ఇవ్వకు. పోనీ ఇంజన్ గొప్పతనం ఇక్కడే ఉంది. డీజిల్ మూసి ఉంచి, కంప్రెషన్ వదిలే లివర్‌ను స్టార్ట్ వైపు పెట్టి, పోనీతో పెద్ద ఇంజన్‌ను ఊరికే తిరగనివ్వు. భారం లేకుండా క్రాంక్ తిరుగుతుంది, ఆయిల్ పంపు తిరుగుతుంది, కొత్త ఆయిల్ ఖాళీ ఫిల్టర్‌ను నింపి ప్రతి బేరింగుకూ చేరుతుంది. ప్రెషర్ గేజి ముల్లు లేచేదాకా దానిమీదనుంచి కన్ను తియ్యకు. ముల్లు లేచి నిలబడ్డాక కూడా ఇంకో రెండు నిమిషాలు తిప్పు. పోనీ పొగ గొట్టం డీజిల్ గాలి పీల్చే దారిలోంచే వెళుతుంది కాబట్టి ఈలోపు ఆ గాలీ వెచ్చబడుతుంది. అప్పుడు కంప్రెషన్ ఇచ్చి డీజిల్ తెరువు. మొదటి నాలుగు పేలుళ్ళు విడివిడిగా వినిపిస్తాయి, తర్వాత కలిసిపోతాయి. ఆ శబ్దం ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపు. మీ అత్తయ్యకు కూడా వినిపిస్తాను, ఆవిడకు ఆ చప్పుడు నాకంటే బాగా గుర్తు.

ముల్లు లేవకపోతే, ఎంత ఆశగా ఉన్నా డీజిల్ తెరవకు. ఆపేసి నాతో మాట్లాడు.

పది గంటలు నడిచాక ఈసారి వేడి మీద ఆయిల్ దింపి మళ్ళీ కొత్తది పొయ్యి. డబ్బులు దండగ అనుకోకు, మొదటి ఆయిల్ లోపల కడగడానికే. ఆ తర్వాత బండి తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి, పొగమంచు రాకముందు మార్చు. ఎయిర్ క్లీనర్ అడుగు గిన్నెలో కూడా ఆయిల్ ఉంటుంది, దాన్నీ కడిగి గీత దాకా మాత్రమే పొయ్యి. గీత దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది. పొగగొట్టాల మీద ఇవాళే ఖాళీ రేకు డబ్బాలు బోర్లించు.

దిగిన పాత ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి ఆటో విడిభాగాల షాపులో ఇస్తే ఊరికే తీసుకుంటారని నువ్వే అన్నావు. నీళ్ళు, యాంటీఫ్రీజ్, పెట్రోల్ కలిసినదాన్ని అందులో కలపకు, అది వేరే డబ్బాలో వేరే చోట ఇవ్వాలి. మేం అప్పట్లో చెదలు పట్టదని గుంజలకు పూసేవాళ్ళం, మిగిలింది గట్టు పక్కన గుంటలో పోసేవాళ్ళం. ఆ కాలువ నీళ్ళే ఊళ్ళు తాగాయి. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నువ్వు ఒక్క చుక్క కూడా నేల మీద పోయకు.

నీకు శనివారం ఉదయం ఏడైతే ఇక్కడ రాత్రి ఏడున్నర, నేను మేలుకునే ఉంటాను. ప్లగ్ వదులు చేసే ముందు వీడియో కాల్ పెట్టు. ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని కదపకుండా చూపించు.

నీ మామయ్య