మిషన్ అమ్మకండి, ముందు ఇస్త్రీ మానండి

మీరడిగింది ఇదీ: విజయనగరంలో సొంత ఇల్లు, వెనక కాస్త పెరడు ఉంది, నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలడం లేదు, వాషింగ్ మిషన్ అమ్మేసి పాతకాలంలాగ చేత్తో ఉతుక్కుని కూరలు పెరట్లోనే పండించుకుంటే ఎంతో కొంత మిగులుతుందా అని. మిగులుతుందండి. అయితే మిషన్ అమ్మితే మిగిలేది చాలా తక్కువ, ముందు ఆ లెక్క చూడండి.

సెమీ ఆటోమేటిక్ మిషన్ మోటారు మూడు నాలుగు వందల వాట్లు ఉంటుంది. అరగంట తిరిగితే యూనిట్లో ఐదో వంతు. మన రాష్ట్రంలో 2022లో పెట్టిన స్లాబుల ప్రకారం ఇళ్లకి 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్ 4 రూపాయల 50 పైసలు, అక్కణ్ణుంచి 225 దాకా 6 రూపాయలు. దానిమీద సర్దుబాటు చార్జీలు అవీ ఇవీ వేసుకున్నా ఒక వాయి బట్టలకి రూపాయిన్నర. రోజూ తిప్పినా నెలకి నలభై యాభై రూపాయల మాట, దానికోసం రోజూ గంటసేపు నడుం వంచి ఉతకడం నా దృష్టిలో దండగ. అదే గీజరు రెండు వేల వాట్లు, అరగంట వేస్తే ఒక యూనిట్ పోయినట్టే, అంటే మిషన్ ఐదు వాయిలు తిప్పినంత. మీది వేడినీళ్లతో ఉతికే మిషనైతే మాత్రం ఆ సెట్టింగు ఇవాళే తీసెయ్యండి, మన ఊళ్ల ఎండకి మామూలు నీళ్లు చాలు.

ఇంకో మాట. పాతకాలం అంటాం గాని పాతకాలంలో అందరూ ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కోలేదు. మాది ఆమదాలవలస వైపు పల్లెటూరు, మా అత్తగారి చిన్నతనంలో ఊరి బట్టలన్నీ రజకుల ఇళ్లకే వెళ్లేవి. చౌడు నీళ్లలో తడిపి, ఉబ్బ పెట్టి, అంటే ఆవిరికి ఉడికించి, రేవులో బండమీద బాది తెల్లగా తెచ్చేవాళ్లు, దానికి పంట నూర్చిన రోజున కళ్లంలో ఇన్ని గింజలు కొలిచేవాళ్లు, అంతే. చవగ్గా అయ్యిందంటే ఇంకెవరిదో నడుం పోయింది కాబట్టి అయ్యింది. మీ ఇంట్లో కూడా చేత్తో ఉతకడం అంటే ఎవరు ఉతుకుతారో ముందు తేల్చుకోండి. పొదుపు ఇంటాయనదీ, చాకిరీ ఇంటావిడదీ అయితే అది పొదుపు లెక్కలోకి రాదు.

ఇక డబ్బు నిజంగా పోయేది సబ్బు పొడికీ, ఇస్త్రీకీ, తొందరగా వెలిసిపోయి చిరిగిపోయే బట్టలకీ.

పొడి సంగతి చూడండి. నురగ వస్తే తప్ప మురికి పోదని మనకో నమ్మకం, అందుకని గుప్పిళ్లకొద్దీ పోస్తాం, ఆ నురగ పోవడానికి మళ్లీ నాలుగు బకెట్ల నీళ్లు. ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగంతో మొదలుపెట్టి చూడండి, రోజూ ఒంటిమీద వేసుకునే బట్టలకి అది సరిపోతుంది. అరగంట నానబెట్టి, కాలరు, చేతుల అంచులు, చీర కుచ్చిళ్ల దగ్గర మాత్రం సబ్బు బిళ్లతో రుద్ది, అప్పుడు మిషన్లో వెయ్యండి. నేను చేత్తో చేసే పని ఇంతే. బార్ సబ్బు తెచ్చిన వెంటనే ముక్కలు కోసి, కాగితం మీద పరిచి కొన్నాళ్లు ఆరనివ్వండి, తడి పోయి గట్టిపడిన సబ్బు తొందరగా అరగదు. మా అత్తగారు ఈ పని మానగా నేను ఎప్పుడూ చూడలేదు.

మీ నీళ్లు బోరువైతే ఒకసారి చూసుకోండి. సబ్బు నురగ రాకుండా బకెట్ అంచున తెల్లగా తెట్టు కడితే అవి కఠినమైన నీళ్లు, అందులోని కాల్షియం సగం సబ్బుని తినేస్తుంది. నానబెట్టేటప్పుడు ఒక చెంచా బట్టల సోడా వేస్తే ఆ కాల్షియం విరిగి కిందకి దిగుతుంది, సబ్బు బట్టకి మిగులుతుంది. కిలో సోడా చాలా నెలలు వస్తుంది. పట్టుకీ ఉన్నికీ మాత్రం సోడా తగలనివ్వద్దు, బూడిద నీళ్లు కూడా వద్దు, ఆ క్షారానికి నూలు తట్టుకుంటుంది గాని పట్టు తట్టుకోదు.

పట్టుచీరలకి కుంకుడుకాయే. గుప్పెడు కాయలు గింజ తీసేసి రాత్రి వేడినీళ్లలో నానేసి, పొద్దున్న పిసికి వడకట్టి, ఆ నీళ్లలో ముంచి తీయడమే, రుద్దకూడదు, పిండకూడదు, నీడన ఆరేయాలి. కొత్త చీరైతే ముందు ఒక మూల తడిపి రంగు దిగుతుందో లేదో చూసుకోండి. డ్రైక్లీనింగ్ ఖర్చు దాదాపు పోతుంది. కాయలు సీతంపేట వైపు ఏజెన్సీ సంతల్లో దొరుకుతాయి, గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ దుకాణాల్లోనూ అమ్ముతారు. అన్ని బట్టలకీ కుంకుడే వాడమని ఇంటర్నెట్‌లో చెప్పేవాళ్ల మాట మాత్రం వినకండి, నూనె జిడ్డు దానికి లొంగదు, తెల్లబట్టలు పోనుపోను పచ్చబడతాయి. తెల్లవాటికి సోడా, ఎండ, ఆఖరి జాడింపులో రెండు చుక్కల నీలిమందు. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రగా మారితే కంగారు పడకండి, ఉతికి ఎండలో వేస్తే వెలిసిపోతుంది. రక్తం మరకకి ఎప్పుడూ చన్నీళ్లే, వేడినీళ్లు పోస్తే అది అక్కడే కూర్చుండిపోతుంది.

ఇప్పుడు ఇస్త్రీ. బండి దగ్గర జతకి ఇరవై రూపాయలు అనుకున్నా ఇద్దరు ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో నెలకి వెయ్యి దగ్గరికి వస్తుంది, ఇంట్లో చేసుకుంటే వెయ్యి వాట్ల పెట్టె. దీనికి విరుగుడు గంజి. అన్నం వార్చడం మానేసి కుక్కర్లో పెట్టేస్తున్నాం కాబట్టి గంజి కూడా ఇప్పుడు పొడి రూపంలో కొంటున్నాం, చూడండి విచిత్రం! వారానికి రెండుసార్లు అన్నం వార్చండి, ఆ గంజి పలచన చేసి వడకట్టి నూలు చీరలు, చొక్కాలు, పంచెలు ముంచండి. ఆరేసేటప్పుడు గట్టిగా దులిపి, అంచులు లాగి, మడత లేకుండా దండెం మీద వెయ్యండి. కొంచెం తడి ఉండగానే తీసి చేత్తో సాపుచేసి మడతపెట్టి పరుపు కింద పెడితే తెల్లారేసరికి ఇస్త్రీ చేసినట్టే ఉంటాయి. మా మామగారి పొందూరు ఖద్దరు పంచెలు ఏళ్ల తరబడి ఇలాగే నడిచాయి, అవి మిషన్ మొహం చూడలేదు. సన్న నూలు, మిషన్లో వేస్తే ఏం మిగులుతుంది మరి! రంగు బట్టలు తిరగేసి ఆరేస్తే వెలవకుండా ఉంటాయి. వానాకాలం గంజి పెట్టకండి, బూజు వాసన వస్తుంది, పెట్టెలో పురుగు చేరుతుంది.

మిషన్ అమ్మొద్దన్నది కూడా ఆ వానాకాలం కోసమే. ఆశ్వయుజ, కార్తీకాల్లో ముసురు పట్టిందంటే మన జిల్లాల్లో తువ్వాలు రెండు రోజులైనా ఆరదు, అప్పుడు ఆ డ్రయ్యరు తొట్టి తిరిగే ఐదు నిమిషాలే దిక్కు. అలాగని చేత్తో ఉతకడం మర్చిపోమనడం లేదు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేదు, మా బంధువుల ఇంట్లో నుయ్యీ బండా ఉండబట్టి గడిచింది. పెరట్లో ఒక బండ వేయించుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు.

పెరడు విషయంలో ముందు ఆశలు తగ్గించుకోండి. టమాటా, క్యాప్సికం అని మొదలుపెట్టి మందులకీ కుండీలకీ పోసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మనల్ని అడక్కుండా పెరిగేవే డబ్బు మిగులుస్తాయి: బచ్చలి తీగ, తోటకూర, గోంగూర, మునగ, కరివేపాకు, ఒక అరటి పిలక. తొలకరికి ఆనప, బీర, చిక్కుడు గింజలు పెట్టండి, చిక్కుడు పాదు సంక్రాంతి రోజులకి విరగకాస్తుంది. కోతులున్న వీధైతే ఆకుకూరలతోనే సరిపెట్టుకోండి, ఆనపకాయ మీదాకా రానివ్వవు. బట్టలు జాడించిన ఆఖరి నీళ్లు అరటికీ కొబ్బరికీ మళ్లించండి, మొదటి సబ్బు నీళ్లు మాత్రం వద్దు, సోడా చేరి మట్టి గట్టిపడిపోతుంది. కోళ్లు పెంచాలనుకుంటే పశువుల ఆసుపత్రిలో కొక్కెర తెగులు టీకా అడిగి వేయించాకే, లేకపోతే ఒక్క వారంలో గూడు ఖాళీ. ఆవు మాట ఎత్తకండి, గడ్డి కొనే ఇంట్లో పాలు చవక కావు.

కూరల కంటే ఏడాది సరుకు దగ్గర ఎక్కువ మిగులుతుంది. వేసవిలో కొత్త చింతపండు, కందులు, మినుములు, చోళ్లు, ఎండుమిరప సంతలోనో రైతు దగ్గరో ఒకేసారి కొని, బాగా ఎండబెట్టండి. పప్పులకి కొంచెం ఆముదం పట్టిస్తే పుచ్చు పట్టదు, చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి జాడీలో పెట్టండి. దీనికి ఒకేసారి డబ్బు కావాలి, అది నిజమే, మొదటి ఏడాది చింతపండు, కందులతో సరిపెట్టి మిగిలినవి మరుసటి ఏడాది చూసుకోవచ్చు.

మీ పెరట్లో ఎండ ఎంతసేపు పడుతుందో, నీళ్లు బోరువో కుళాయివో రాయండి, ఏ పాదు ఎక్కడ పెట్టాలో చెప్తాను. బచ్చలి కొమ్మ, గోంగూర గింజలు కావాలంటే మా ఇంట్లో ఉన్నాయి.