వంటింటి సందేహాలు: నిలవ బ్రెడ్‌తో యాపిల్ బ్రౌన్ బెట్టీ

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వంటకం గురించి: మిగిలిన బ్రెడ్‌తో, యాపిల్స్‌తో అమెరికా ఇళ్లలో చేసే బ్రౌన్ బెట్టీ. కొలతలు అడిగిన ఉత్తరాన్ని ముందు తీసుకుంటున్నాం. తక్కిన జవాబులన్నీ ఆ కొలతల మీదే ఆధారపడి ఉంటాయి.

ప్రశ్న: పక్కింటి అమెరికన్ ఆవిడ నిలవ బ్రెడ్‌తో చేసిన యాపిల్ స్వీట్ పంపారు. బ్రౌన్ బెట్టీ అట. మా ఇంట్లో గుడ్డు తినరు. బ్రెడ్ పుడ్డింగ్‌లో లాగా ఇందులోనూ గుడ్లు పడతాయా? ఆరుగురికి కొలతలు చెప్పగలరా? (ఎడిసన్, న్యూజెర్సీ)

గుడ్డు పడదు, పాలు కూడా పడవు. నిశ్చింతగా చేసుకోండి. కాకపోతే బ్రెడ్ ప్యాకెట్ మీద ఏమేం వేశారో ఒకసారి చదవండి. బ్రియోష్, హాలా లాంటి రకాల్లో గుడ్డు ఉంటుంది. బ్రెడ్ పుడ్డింగ్‌ని గట్టిపరిచేది గుడ్లూ పాలూ. బెట్టీలో ఆ పని ఎండు బ్రెడ్‌ది. ఉడికేటప్పుడు యాపిల్స్ నుంచి ఊరే రసాన్ని అది పీల్చుకుంటుంది. అందుకే బ్రెడ్ ఎంత బాగా ఆరితే బెట్టీ అంత బాగా కుదురుతుంది.

8 అంగుళాల చదరపు పాత్రకు: పుల్లటి, గట్టి యాపిల్స్ 900 గ్రాములు (మధ్యరకం 5 లేదా 6), శాండ్‌విచ్ బ్రెడ్ 8 స్లైసులు (సుమారు 225 గ్రాములు, అంచులతో సహా), వెన్న 85 గ్రాములు (మీ దగ్గర దొరికే స్టిక్‌లో ముప్పావు వంతు), బ్రౌన్ షుగర్ 110 గ్రాములు (నొక్కి కొలిస్తే అర కప్పు), నిమ్మరసం ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, దాల్చినచెక్క పొడి 1 టీ స్పూన్, జాజికాయ పొడి పావు టీ స్పూన్, నీళ్లు లేదా యాపిల్ జ్యూస్ 60 మి.లీ. ఉప్పులేని వెన్నయితే పావు టీ స్పూన్ ఉప్పు కూడా.

బ్రెడ్‌ని చేత్తో తుంచి మిక్సీలో వేసి, రెండు మూడుసార్లు ఆపి ఆపి తిప్పండి. మెత్తటి పొడి కావద్దు. పెసరగింజ నుంచి సెనగగింజ సైజు దాకా ముక్కలు ఉండాలి. మెత్తటి పొడి రసం తగలగానే ముద్ద కడుతుంది, ముక్కలయితే విడివిడిగా నిలుస్తాయి. వీటిని ట్రేలో పలచగా పరచి 150 డిగ్రీల సెల్సియస్‌లో (మీ ఓవెన్‌లో 300 ఫారన్‌హీట్) 12 నుంచి 15 నిమిషాలు ఉంచండి, మధ్యలో ఒకసారి కలపండి. వేళ్ల మధ్య నలిపితే పెళుసుగా విరగాలి, రంగు మాత్రం లేత బంగారం దాటకూడదు. చల్లారాక కరిగించిన వెన్న పోసి, ప్రతి ముక్కకూ పట్టేలా కలపండి.

యాపిల్స్ చెక్కు తీసి, గింజల భాగం తీసేసి, పావు అంగుళం మందాన ముక్కలు కోయండి. వెంటనే నిమ్మరసం పట్టించండి. చక్కెరలో రెండు టేబుల్ స్పూన్లు పక్కన పెట్టి, మిగతాది మసాలా పొడులు, ఉప్పుతో కలిపి యాపిల్స్‌లో వేయండి. పాత్రకు వెన్న రాసి, బ్రెడ్‌లో మూడో వంతు అడుగున పరచండి. దాని మీద సగం యాపిల్స్, మళ్లీ కొంచెం బ్రెడ్, మిగిలిన యాపిల్స్, పైన మిగిలిన బ్రెడ్ అంతా. చేత్తో నొక్కకండి. 60 మి.లీ. నీళ్లను పాత్ర అంచు వెంబడి పోయండి, పై బ్రెడ్ మీద పడనివ్వద్దు. పక్కన పెట్టిన చక్కెర పైన చల్లండి.

ఫాయిల్‌తో బిగించి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర (375 ఫారన్‌హీట్) 30 నిమిషాలు, ఫాయిల్ తీసి మరో 15 నుంచి 20 నిమిషాలు. మొదటి అరగంట ఆవిరిలో యాపిల్ మెత్తబడుతుంది. మొదటి నుంచీ మూత లేకుండా పెడితే యాపిల్ ఉడికేలోపే పైన బ్రెడ్ మాడుతుంది. చాకు మొనతో గుచ్చితే అడ్డు తగలకుండా దిగాలి. అంచుల దగ్గర రసం నీళ్లలా కాకుండా చిక్కగా, నెమ్మదిగా బుడగలు రావాలి. తీశాక 15 నిమిషాలు కదపకుండా వదిలేయండి, ఆ కాస్సేపట్లోనే రసం బ్రెడ్‌లోకి ఇంకుతుంది. వెనిలా ఐస్‌క్రీమ్‌తో గానీ, తియ్యదనం లేని చిలికిన క్రీమ్‌తో గానీ వడ్డించండి.

ప్రశ్న: ఓటీజీలో రెండుసార్లు చేశాను. రెండుసార్లూ అడుగున జావ, పైన మాత్రం మాడు. బ్రెడ్ ఆ రోజు కొన్నదే, యాపిల్స్ సిమ్లావి. లోపం ఎక్కడ? (హైదరాబాద్)

ఉత్తరంలో మీరు రాసిన రెండూ కారణాలే.

మొదటిది బ్రెడ్. తాజా బ్రెడ్‌లో మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది. అప్పటికే తడిగా ఉన్నది యాపిల్ రసాన్ని ఎక్కడ దాచుకుంటుంది? తాజా బ్రెడ్ వాడక తప్పకపోతే ఓవెన్‌లో ఆరబెట్టే సమయాన్ని 20, 25 నిమిషాలకు పెంచండి. రాత్రంతా బయట పెట్టినా ఆరుతుంది అంటారు గానీ, వానాకాలం మన గాలిలో తేమకు అది నమ్మదగ్గ పద్ధతి కాదు.

రెండోది యాపిల్ రకం. హిమాచల్ నుంచి ఆగస్టు, అక్టోబరు మధ్య వచ్చే రాయల్ డెలీషియస్ కొరికి తినడానికి బావుంటుంది. బేకింగ్‌కి మాత్రం పులుపు చాలదు, త్వరగా మెత్తబడుతుంది. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉండి వేసవి ముందు వచ్చే కాయలయితే ఇంకా పిండిపిండిగా ఉంటాయి, వేడి తగలగానే చెదిరిపోతాయి. మార్కెట్లో దొరికే ఆకుపచ్చటి గ్రానీ స్మిత్ ఈ వంటకు మేలైనది. ధర ఎక్కువనిపిస్తే సగం అది, సగం సిమ్లా కాయ వేయండి. మొత్తం సిమ్లావే అయితే ముక్క మందం అర అంగుళానికి పెంచి, నిమ్మరసం రెండు టేబుల్ స్పూన్లు వేసి, చక్కెర 75 గ్రాములకు తగ్గించి, 60 మి.లీ. నీళ్లు మానేయండి. నిమ్మరసం రుచి కోసం మాత్రమే కాదు. పులుపు ఉన్నచోట పండులోని పెక్టిన్ తొందరగా కరగదు, ముక్క ఆకారం నిలుస్తుంది.

ఇంకొక మాట. చక్కెర కలిపిన యాపిల్స్‌ని అలా గిన్నెలో వదిలేస్తే పది నిమిషాల్లో అడుగున రసం చేరుతుంది. బ్రెడ్, పాత్ర, ఓవెన్ అన్నీ సిద్ధమయ్యాకే చక్కెర కలపండి.

పైన మాడటానికి కారణం ఓటీజీలో పై రాడ్ దగ్గరగా ఉండటం. పాత్రను మధ్య అరలో కాకుండా కింది అరలో పెట్టండి. ఫాయిల్ ఉన్నంతసేపూ కింది రాడ్ మాత్రమే, ఫాయిల్ తీశాక రెండూ. చిన్న ఓటీజీల్లో డయల్ మీది అంకెకూ లోపలి వేడికీ 20 డిగ్రీల తేడా ఉండటం మామూలే. ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే కేకులకూ పనికొస్తుంది.

ప్రశ్న: బ్రెడ్ అంచున కాస్త ఆకుపచ్చ బూజు పట్టింది. ఆ భాగం కోసేసి మిగతాది వాడవచ్చా? ఎలాగూ ఓవెన్‌లో కాలుస్తాం కదా? (విజయవాడ)

వద్దు. మొత్తం పారేయండి. బ్రెడ్ లోపలంతా గుల్ల కాబట్టి బూజు పోగులు కంటికి కనిపించని దూరం దాకా పాకి ఉంటాయి. వేడికి బూజు చచ్చినా, కొన్ని బూజులు వదిలే విషాలు ఓవెన్ వేడికి నశించవు. వాసన చూసి తేల్చుకుందామని ముక్కు దగ్గర పెట్టి గట్టిగా పీల్చకండి, బూజు రేణువులు లోపలికి వెళ్తాయి.

మీ ఊళ్లో ఎండాకాలం ఇంకో చెడు కూడా చూసుకోవాలి. బూజు కనిపించదు, కానీ బ్రెడ్ మధ్యభాగం జిగురుగా ఉంటుంది, విడదీస్తే సన్నటి తీగలు సాగుతాయి, మగ్గిపోయిన పండు వాసన వస్తుంది. బ్రెడ్ తయారైనప్పుడే వేడికి చావకుండా మిగిలిన బ్యాక్టీరియా బీజాలు ఉక్కకు మొలకెత్తడం వల్ల వచ్చే చెడు ఇది. అదీ పారేయవలసిందే. ఈ వంటకు కావలసిన నిలవ బ్రెడ్ అంటే గట్టిపడి, పొడిబారి, వాసన మాత్రం శుభ్రంగా ఉన్నది.

ప్రశ్న: ఫ్రిజ్‌లో పెడితే బ్రెడ్ ఒక్కరోజులోనే గట్టిపడుతోంది. బయట పెడితే బూజు. బెట్టీ కోసం మిగిలిన ముక్కలు ఎలా దాచాలి? (వరంగల్)

ఫ్రీజర్‌లో. బ్రెడ్ గట్టిపడటం అంటే ఆరిపోవడం ఒక్కటే అనుకుంటాం. అసలు జరిగేది, బేకింగ్‌లో ఉబ్బిన పిండిపదార్థం మళ్లీ బిగుసుకుపోవడం. ఫ్రిజ్ చల్లదనంలో ఆ బిగుసుకోవడం అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. రోజూ మిగిలే అంచు ముక్కల్ని జిప్ కవర్లో వేసి, గాలి తీసేసి ఫ్రీజర్‌లో పెట్టండి. 225 గ్రాములు పోగయ్యాక తీసి, గడ్డ కట్టి ఉండగానే మిక్సీలో తిప్పవచ్చు, ఇంకా తేలిగ్గా ముక్కలవుతుంది. ఫ్రిజ్‌లో గట్టిపడినదీ ఈ వంటకు బాగానే పనికొస్తుంది. కాకపోతే గట్టిగా ఉంది కదా అని ఆరబెట్టడం మానకండి, దాంట్లో నీరు ఇంకా అలాగే ఉంటుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్‌లో కేక్ చేసినట్టు ఇది చేయవచ్చా? (గుంటూరు)

చేయవచ్చు, కుక్కర్‌లో మాత్రం వద్దు. నీళ్లు లేకుండా గంటసేపు వేడి చేస్తే మూతలోని సేఫ్టీ వాల్వ్ పాడవుతుంది. రోజూ అన్నం, పప్పు వండే కుక్కర్‌ని అలా వాడకండి. బిగుతైన మూత ఉన్న మందపాటి ఇనప మూకుడు తీసుకుని, అడుగున స్టాండ్ పెట్టి, మధ్యస్థ మంట మీద 10 నిమిషాలు వేడెక్కించండి. పై కొలతల్లో సగం తీసుకుని 6 అంగుళాల అల్యూమినియం కేక్ టిన్‌లో పొరలు పేర్చి, ఫాయిల్ కట్టి స్టాండ్ మీద పెట్టండి. సన్నమంట మీద 40 నిమిషాలు.

మూకుడులో వేడి కింది నుంచే వస్తుంది కాబట్టి పై పొర ఎర్రబడదు. అందుకని పైకి కావలసిన బ్రెడ్‌ని టిన్‌లో వేయకుండా ఉంచుకుని, విడిగా బాణలిలో వెన్నతో సన్నమంట మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించి, చివర్లో చక్కెరతో కలిపి చల్లండి. అప్పుడు మళ్లీ మూత పెట్టవద్దు, ఆవిరి నీళ్లు పడి కరకర పోతుంది.

ఎయిర్ ఫ్రయర్ ఉంటే ఇదే టిన్‌ని ఫాయిల్‌తో 160 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, ఫాయిల్ తీసి 8 నిమిషాలు. పై ముక్కలు ఫ్యాన్ గాలికి ఎగిరి కాయిల్‌కి అంటుకుంటాయి, టిన్ నిండా నింపకండి.

ప్రశ్న: వెన్న బదులు నెయ్యి, బ్రౌన్ షుగర్ బదులు బెల్లం వేస్తే? ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్నారు. (రాజమండ్రి)

రెండూ చక్కగా కుదురుతాయి. వెన్నలో కొంత నీరు ఉంటుంది, నేతిలో ఉండదు. 85 గ్రాముల వెన్నకు 70 గ్రాముల నెయ్యి చాలు. బెల్లం మెత్తగా తురిమి, ఉండలు లేకుండా జల్లించి, అదే తూకంలో వేయండి. బెల్లం త్వరగా రంగెక్కుతుంది కాబట్టి ఫాయిల్ తీశాక వేడి 180కి తగ్గించండి. బెల్లంతో జాజికాయ కన్నా యాలకుల పొడి ఎక్కువ నప్పుతుందని మా అభిప్రాయం.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో బెల్లం వల్ల ఒరిగేదేమీ లేదు. చక్కెర ఎంతో అదీ అంతే. తీపిని 50 గ్రాములకు తగ్గించినా బెట్టీ కుదురుతుంది, కానీ బ్రెడ్‌లోని పిండి, యాపిల్‌లోని తీపి ఎక్కడికీ పోవు. వాళ్లకు ఎంత పెట్టాలో డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే పెట్టండి.

ప్రశ్న: డబుల్ కా మీఠాకి వేయించినట్టు బ్రెడ్‌ని ముందే నేతిలో ఎర్రగా వేయిస్తే ఇంకా రుచిగా ఉండదా? (హైదరాబాద్)

ఉండదు. డబుల్ కా మీఠాలో వేయించిన బ్రెడ్ పాకంలో, పాలలో నానుతుంది, మళ్లీ కాలదు. ఇక్కడ ఇంకో ముప్పావు గంట ఓవెన్‌లో ఉండాలి. ముందే ఎర్రబడినది చివరికి నల్లబడి చేదెక్కుతుంది, నెయ్యి కూడా అడుగున తేలుతుంది.

ప్రశ్న: క్రిస్ప్, కాబ్లర్, షార్లెట్, బెట్టీ... వీటి మధ్య తేడా ఏమిటి? (డాలస్)

పండు మీద ఓట్స్, పిండి, వెన్న కలిపి చల్లితే క్రిస్ప్. మెత్తటి బిస్కట్ పిండి ముద్దలు పెడితే కాబ్లర్. బ్రెడ్ ముక్కల్ని పండుతో పొరలుగా పేరిస్తే బెట్టీ, ఈ పేరు అమెరికాలో 1864 నాటికే అచ్చులో కనిపిస్తుంది. షార్లెట్ యూరప్‌ది. లోతైన గిన్నె లోపలి గోడలకు వెన్న రాసిన బ్రెడ్ స్లైసుల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా నిలబెట్టి, మధ్యలో ఉడికించిన యాపిల్ గుజ్జు నింపి కాలుస్తారు. గుజ్జు గరిటెతో గీస్తే గీత అలాగే నిలిచేంత చిక్కగా లేకపోతే, బోర్లించగానే గోడలు కూలిపోతాయి.

ప్రశ్న: పార్టీకి ముందురోజే చేసి పెట్టుకోవచ్చా? మిగిలితే ఎన్నాళ్లుంటుంది? (ఫ్రిస్కో, టెక్సస్)

పొరలు పేర్చి రాత్రంతా ఉంచకండి, బ్రెడ్ అంతా నానిపోతుంది. ముందురోజు బ్రెడ్‌ని ఆరబెట్టి, వెన్న కలిపి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. యాపిల్స్ ఆ పూట కోయండి. మిగిలినది ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. వేడి చేసేటప్పుడు మైక్రోవేవ్ వద్దు, పై పొర మెత్తబడిపోతుంది. మూత లేకుండా 175 డిగ్రీల ఓవెన్‌లో 15 నిమిషాలు పెట్టండి. చల్లటి గాజు పాత్రను తిన్నగా వేడి ఓవెన్‌లో పెడితే పగలవచ్చు, అరగంట ముందే బయటికి తీసి ఉంచండి.