సందేహాలు – సమాధానాలు: విశ్వం ‘పేలింది’ అనవచ్చా?

సందేహం: రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతుంటాను. ‘మహావిస్ఫోటంతో విశ్వం పుట్టింది’ అని బోర్డు మీద రాయగానే పిల్లలు ‘పాశర్లపూడి బ్లోఅవుట్ లాగానా మేస్టారూ?’ అంటారు. మొన్న ఒకడు లేచి ‘పేలాలంటే ముందు ఏదో ఒకటి ఉండాలి కదండీ, అదేంటి?’ అన్నాడు. బిగ్ బ్యాంగ్‌కి ‘మహావిస్ఫోటం’ సరైన మాటేనా? విస్ఫోటమా, విస్ఫోటనమా? ‘విశ్వ ద్రవ్యోల్బణం’ అని కూడా ఒకచోట చదివాను, అదేమిటి? 13.8 బిలియన్ ఏళ్లను కోట్లలో ఎలా చెప్పాలి?

సమాధానం: పేరుగా ‘మహావిస్ఫోటం’ ఉండనివ్వండి. క్రియగా ‘పేలింది’ మాత్రం వద్దు. మీ పిల్లలు అడిగినదాంట్లో తప్పేమీ లేదు, చిక్కంతా ఆ క్రియతోనే.

కోనసీమలో పేలుడంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగజిమ్మి, రెండు నెలలకు పైగా మండింది. మీ క్లాసులో పిల్లలు అప్పటికి పుట్టకపోయినా ఇంట్లో పెద్దవాళ్లు ఆ మంటా ఆ హోరూ కథలుగా చెప్పే ఉంటారు. అలాంటి పేలుడుకి ఒక చోటు ఉంటుంది. చుట్టూ ఖాళీ ఉంటుంది. ఉన్నది లోపలి నుంచి బయటికి చిమ్ముతుంది. దూరంగా నిలబడి చూసేవాళ్లూ ఉంటారు. విశ్వం విషయంలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. ఏదో ముద్ద ఖాళీలోకి చిమ్మిందని భౌతికశాస్త్రం చెప్పడం లేదు. మనం ఖాళీ అనుకునే ఆ స్థలమే సాగుతూ వస్తోందని చెబుతోంది. గెలాక్సీలు పరుగులు పెట్టి దూరమవడం కాదు, వాటి మధ్య చోటు పెరుగుతోంది.

అందుకే ఇక్కడ ‘ఎక్కడ’ అనే ప్రశ్న అతకదు. గోదావరి ఎక్కడ పుట్టిందంటే త్ర్యంబకం దగ్గర అని మ్యాపులో వేలు పెట్టి చూపిస్తాం. విశ్వానికి అలా వేలు పెట్టే చోటు లేదు, లేదా అన్ని చోట్లా పెట్టవచ్చు. మనకు కనిపించే విశ్వమంతా భరించరాని వేడితో కిక్కిరిసి ఉన్న ఆ తొలి దశలో ఆండ్రోమెడా గెలాక్సీకి కావలసిన సరుకుతో పాటు మీ రాజోలు సరుకూ అందులోనే ఉంది. ‘ఎక్కడ జరిగింది మేస్టారూ?’ అని అడిగినవాడికి ‘ఇక్కడే’ అని చెప్పండి. వెక్కిరిస్తున్నారనుకుంటాడు గానీ అది అక్షరాలా నిజం.

ఇక పేరు సంగతి. విశ్వం విస్తరిస్తోందని 1927లో రాసిన జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశస్థుడు, చర్చి ఫాదరీ కూడా. 1931లో ఆయన ఇంకో అడుగు వేసి మొదట్లో అంతా ఒకే ‘ఆదిమ పరమాణువు’ అన్నాడు. ఈ రెంటికీ మధ్య 1929లో, ఎంత దూరపు గెలాక్సీ అంత వేగంగా దూరమవుతోందని అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ లెక్కలతో చూపించాడు. వీళ్లిద్దరూ బిగ్ బ్యాంగ్ అనలేదు. ఆ మాట పుట్టించినవాడు ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోని బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్. విశ్వానికి ఆదీ లేదు, అంతమూ లేదు, ఎప్పుడూ ఇలాగే ఉందన్నది ఆయన పక్షం. 1949 మార్చిలో బీబీసీ రేడియో ప్రసంగంలో అవతలి పక్షాన్ని వర్ణిస్తూ ఆ మాట వాడాడు. వెక్కిరింపుగానే అన్నాడని చాలామంది అంటారు. వినేవాళ్ల కళ్లకు కట్టడానికి అన్నానని ఆయన చెప్పుకున్నాడు. ఏదైతేనేం, ప్రత్యర్థి పెట్టిన పేరే స్థిరపడిపోయింది. మన ఊళ్లలో ముద్దుపేర్లు నిలిచేదీ ఇలాగే కదా!

‘బ్యాంగ్’ అనేది ధ్వన్యనుకరణం, అంటే మన ఢాం, ఢమాల్ జాతి. ముక్కస్య ముక్కగా తెలుగు చేస్తే ‘పెద్ద ఢాం’ అవుతుంది. మనవాళ్లు దానికి సంస్కృతం పట్టుపంచె కట్టి మహావిస్ఫోటం చేశారు. నాకు అందులో అభ్యంతరం లేదు. పైగా ఇంగ్లీషువాళ్లకూ ఈ పేరు నచ్చక 1993లో ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రిక కొత్త పేరు కోసం పోటీ పెట్టింది. 13 వేలకు పైగా పేర్లు వచ్చాయి. న్యాయనిర్ణేతలకు ఒక్కటీ ఆనలేదు, పాతదే ఉంచేశారు.

నిజానికి మన మాటే కాస్త నయం. స్ఫుట్ ధాతువుకి పగలడం ఒక్కటే కాదు, విచ్చుకోవడం, వికసించడం, స్పష్టంగా బయటపడడం కూడా అర్థాలే. స్ఫుటం, ప్రస్ఫుటం దాని పిల్లలే. పొక్కులు లేచి చిట్లుతాయి కాబట్టి మశూచికి స్ఫోటకం అని పేరు. కాబట్టి విస్ఫోటాన్ని ‘విచ్చుకోవడం’గా అర్థం చేసుకునే వెసులుబాటు మాటలోనే ఉంది. అచ్చతెలుగు ‘పేలు’కి ఆ వెసులుబాటు లేదు. టపాకాయ పేలినా, లారీ టైరు పేలినా, మంగలంలో జొన్నలు పేలి పేలాలైనా, ముందు ఒక టపాకాయో టైరో గింజో ఉండి తీరాలి. ఆఖరికి జోకు పేలాలన్నా ముందు జోకుండాలి. మీ కుర్రాడి ప్రశ్న ఇక్కడి నుంచే వచ్చింది. వాడికి తెలుగు బాగా వచ్చు.

అయితే పేలుడులో ఒక్క అంశం మాత్రం నిజం, వేడి. దానికి సాక్ష్యం 1964లో దొరికింది. అమెరికాలో న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు ఒక పెద్ద యాంటెన్నాతో పనిచేస్తుంటే, ఎటు తిప్పినా పోని సన్నటి రొద వినిపించింది. లోపల పావురాలు గూడు పెట్టాయని వాటిని తరిమి, రెట్ట కూడా కడిగించారు. రొద అలాగే ఉంది. విశ్వం పుట్టిన 3,80,000 ఏళ్లకు, వేడి తగ్గి కాంతి స్వేచ్ఛగా ప్రయాణించడం మొదలైనప్పటి వెలుగు అది. అప్పుడు 3,000 కెల్విన్ల వేడితో ఉన్నది, స్థలంతో పాటు తానూ సుమారు 1,100 రెట్లు సాగి, ఇప్పుడు 2.7 కెల్విన్లకు (సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్‌కు) చల్లబడి మైక్రోవేవ్‌గా మిగిలింది. ఆ ఇద్దరికీ 1978లో నోబెల్ వచ్చింది. డాబా మీద యాంటెన్నా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని అరిస్తే, కింద నుంచి ‘లేదు, చుక్కలే!’ అని బదులొచ్చే రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ చుక్కల్లో కొద్ది భాగం ఈ వెలుగే. పిల్లలకి ఆ టీవీలు తెలియవు, పాపం.

చమత్కారం ఏమిటంటే, మొదట్లో ‘ఢాం’ లేకపోయినా తర్వాత చప్పుడు ఉంది. ఆ 3,80,000 ఏళ్లూ విశ్వాన్ని నింపిన వేడి ప్లాస్మాలో, అంటే పరమాణువులు విడిపోయి విద్యుదావేశ కణాలుగా ఉన్న వాయువులో, ధ్వని తరంగాలు తిరిగాయి. వాటి ఆనవాళ్లు ఈ మైక్రోవేవ్ వెలుగులో హెచ్చుతగ్గులుగా దొరుకుతున్నాయి.

‘విశ్వ ద్రవ్యోల్బణం’ నిఘంటువు చూసి చేసిన అనువాదం. ఇంగ్లీషులో ధరలు పెరగడానికీ, విశ్వం సెకనులో ఊహకందనంత చిన్న భాగంలో విపరీతంగా ఉబ్బడానికీ ఇన్‌ఫ్లేషన్ అనే ఒకటే మాట. ఈ రెండోది 1980ల మొదట్లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు అలన్ గూత్ ప్రతిపాదించాడు. చాలామంది ఆదరించిన ఊహే గానీ ఇంకా రుజువు కాలేదు. ఉబ్బింది స్థలమైతే, ద్రవ్యం అంటే ఒకచోట డబ్బు, ఇంకోచోట పదార్థం. అంటే ఆ అనువాదం రెండు విధాలా తప్పు. శుభ్రంగా ‘పొంగు’ అనండి. పాలు పొంగుతాయి, పూరీ పొంగుతుంది, శ్రావణంలో గోదారి పొంగుతుంది. పేలకుండా పెరగడానికి మనకింత మంచి క్రియ ఉంది. గోదారికి గట్టుంది, విశ్వానికి గట్టు లేదని ఒక్క ముక్క చేర్చండి, చాలు.

మరి ‘ముందు ఏముంది?’ తెలుగులో ‘ముందు’ విచిత్రమైన మాట. ఇంటి ముందు అంటే స్థలం, పెళ్లికి ముందు అంటే గడిచిన కాలం, ముందు ముందు అంటే రాబోయే కాలం. అన్నిటికీ ఒక్కటే షరతు, లెక్కకు ఒక గుంజ ఉండాలి, దాని అవతల కూడా స్థలమో కాలమో ఉండాలి. ఐన్‌స్టైన్ 1915 నాటి సాపేక్ష సిద్ధాంతంతో వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతే ఒకచోట సాంద్రత అనంతమని వస్తుంది. అంటే అక్కడ ఏదో ఉందని కాదు, లెక్క అక్కడ చేతులెత్తేసిందని. ఆ పైన క్వాంటమ్ గురుత్వం, అంటే అతి సూక్ష్మ కణాల నియమాలనూ గురుత్వాకర్షణనూ కలిపే సిద్ధాంతం, కావాలి, అది ఇంకా ఎవరి చేతికీ చిక్కలేదు. కాలమే అక్కడ మొదలైతే ‘ముందు’ అనడం దక్షిణ ధ్రువానికి దక్షిణాన ఏముందని అడగడమే అనేవాడు బ్రిటిష్ భౌతికశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్. ఆయనా జేమ్స్ హార్టిల్ అనే మరో భౌతికశాస్త్రజ్ఞుడూ కలిసి 1983లో ఆ దారిలో ఒక లెక్క కట్టారు. కాదు, ఇంతకు ముందూ ఒక విశ్వయుగం ఉందని మరో భౌతికశాస్త్రజ్ఞుడు రోజర్ పెన్‌రోజ్ వాదం. ఏదీ తేలలేదు. కనుక ఆ కుర్రాడి వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. దానికి అర్థం ఉందో లేదో భౌతికశాస్త్రం ఇంకా తేల్చాలి. వాడితో అదే మాట చెప్పండి.

‘శూన్యం నుంచి పుట్టింది’ అని రాయడం కూడా తగ్గించండి. ‘నుంచి’ అన్నామంటే వచ్చిన చోటు ఒకటి ఉన్నట్టే. భౌతికశాస్త్రజ్ఞులు శూన్యం అన్నప్పుడు కూడా అది ఉత్త ఖాళీ కాదు, దానికీ శక్తి ఉంటుంది, నియమాలుంటాయి. ‘సృష్టించబడింది’ అసలే వద్దు. ఆ కర్మణి ప్రయోగం కర్తను వెతుక్కుంటుంది, ఆ వెతుకులాట ఫిజిక్స్ పీరియడ్‌లో తెమలదు. బోర్డు మీద ‘సుమారు 1,380 కోట్ల ఏళ్ల క్రితం, ఎంతో వేడిగా, కిక్కిరిసి ఉన్న విశ్వం విస్తరించడం మొదలైంది’ అని రాసి, దీన్నే మహావిస్ఫోటం అంటారని కింద చేర్చండి.

విస్ఫోటం, విస్ఫోటనం రెండూ ఒప్పే, ప్రత్యయాలే వేరు. ఏది రాసినా ‘మహా’ని విడగొట్టకండి, అది సమాసం. ఇక బిలియన్ అంటే 100 కోట్లు కాబట్టి 13.8 బిలియన్ 1,380 కోట్లే. సున్నా జారి 138 కోట్లు అయిందో, 450 కోట్ల ఏళ్లు దాటిన భూమి ముందు విశ్వం చంటిపిల్ల అయిపోతుంది.